గాలి కంతల్లో దూది

మేం ఇల్లు కొన్నది ఎండాకాలంలో. అందుకే హీటర్ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ రోజు క్రాన్‌బర్న్‌లో తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటోంది. ఉత్తరపు గాలి కొలిమి ముందు కూర్చున్నట్టు మొహాన్ని మాడుస్తోంది. భూమికి దక్షిణపు అంచున ఉన్న ఆ దేశంలో ఫిబ్రవరి మన మే నెలతో సమానం. ఇటుకల ఇల్లు, ముందు ఎండిపోయిన గడ్డి, వెనక ఒక నిమ్మచెట్టు. ఇల్లు అమ్ముతున్న పెద్దావిడ ఒంటరి మనిషి. అక్క దగ్గరికి వెళ్లిపోతూ అమ్ముకుంటోంది. గదులన్నీ తిప్పి చూపించి, చివరికి హాల్లో గోడలో ఉన్న పాత పొయ్యి గూడు దగ్గర మమ్మల్ని నిలబెట్టింది. ఒకప్పుడు అందులో కట్టెలు మండేవట. తర్వాత గ్యాస్ హీటర్ పెట్టించుకుంది. గోధుమరంగు రేకు పెట్టె, ముందు జాలీ, వెనక నుంచి పైకి పోయే పొగగొట్టం. ఆవిడ దాని నెత్తిన చెయ్యి వేసి, పెంపుడు గేదెను నిమిరినట్టు నిమిరి ఏదో చెప్పింది.

"ఏమంటంది బావా?" అని అడిగాను.

నా భర్త నాకు మేనమామ కొడుకు. పెళ్లికి ముందు ఏమని పిలిచానో పెళ్లయ్యాకా అదే.

"చలికాలంలో ఇదే తనకు తోడంట. ఎప్పుడూ మొరాయించలేదంట."

"ఒకసారి ఎలిగించి చూపిస్తదేమో అడుగు."

"ఈ ఎండలో హీటర్ ఎలిగించమని అడిగితే మనకు మతి లేదనుకుంటది." అని నవ్వాడు. నేనూ నవ్వాను. చెమటతో రవిక వీపుకు అంటుకుపోయి ఉంది. ఆ పెట్టె వైపు చూడాలనే అనిపించలేదు.

కొనేముందు ఇల్లు పరీక్ష చేసే మనిషిని కూడా పిలిపించాం. ఆయన పైకప్పు ఎక్కాడు, నేల కిందికి దూరాడు, చెదలు చూశాడు. వెళ్తూ వెళ్తూ, హీటర్ తన పని కాదనీ, గ్యాస్ ప్లంబర్‌తో విడిగా చూపించుకోమనీ చెప్పాడు. చలికాలం వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాం. పల్నాడులో పుట్టి పెరిగినవాళ్లం. ఇల్లు కొనేటప్పుడు ఎండ ఏ గదిలోకి ఎంత వస్తుందో చూస్తాం, నీళ్లు చూస్తాం, గాలి చూస్తాం. ఇంటికి నిప్పు కూడా చూడాలని మా బుర్రలకు తోచలేదు.

నేను మాత్రం చూసింది వంటిల్లు. దానికి కారణం ఉంది.

అంతకుముందు డాండినాంగ్‌లో అద్దెకుండేవాళ్లం. నా భర్తది పరుపుల ఫ్యాక్టరీలో పని. ఆ పని మీదే వీసా వచ్చింది. మా తాతలనాటి నుంచి మా ఇళ్లల్లో దూది ఏకడమే బతుకు. మామయ్య దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. ఆ చేతిపనే కొడుకును సముద్రం దాటించింది. మేం వచ్చిన కాలంలోనే, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని లోకమంతా భయపడి, వాటిని సరిచేయడానికి మన వాళ్లను గుంపులు గుంపులుగా పిలిపించుకుంది. హైదరాబాద్ నుంచీ, విజయవాడ నుంచీ వచ్చిన పెళ్లికాని ఇంజనీర్లు నలుగురైదుగురు ఒక ఇంట్లో ఉండి, రొట్టె ముక్కలు తిని బతుకుతుండేవాళ్లు. వాళ్లలో ఒకతను నా భర్తకు రైల్లో పరిచయమయ్యాడు. ఒక రోజు మా ఇంట్లో గోంగూర పచ్చడి తిన్నాడు. ఆ తర్వాత వారం నుంచి నేను సాయంత్రాలు వాళ్లకు డబ్బులకు అన్నం డబ్బాలు కట్టడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు చదువు లేదు. అక్షరాలు నేర్చుకున్నది మా అమ్మాయి యూనివర్సిటీకి వెళ్లే రోజుల్లో. కానీ ఎవరి డబ్బాలో కారం ఎక్కువ, ఎవరికి వంకాయ పడదు అన్నది చదువు లేకుండానే గుర్తుండేది.

అద్దె ఇంటికి మా తాలింపు పడలేదు. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. ఏజెంటు చూడ్డానికి వచ్చినప్పుడల్లా ముక్కు ఎగబీల్చేది. చివరికి మా వాసన కార్పెట్‌లోకి దిగిపోయిందనీ, గడువు అయిపోయాక ఇల్లు మళ్లీ మాకు ఇచ్చేది లేదనీ చెప్పింది. ఆ సాయంత్రం నా భర్త అన్నం ముందు కూర్చుని కలపకుండా అట్లాగే ఉండిపోయాడు.

"మన ఇంట్లో మనం ఉల్లిపాయలు ఏపుకోవడానికి ఒకళ్ల పర్మిషన్ ఏందే?" అన్నాడు.

అట్లా మొదలైంది ఇల్లు కొనాలన్న పట్టు.

సొంతింట్లో అడుగుపెట్టాక ఆయన చేసిన మొదటి పని నా పొయ్యి మీద ఫ్యాన్ బిగించడం. మూతపడుతున్న ఒక హోటల్ నుంచి తెచ్చాడు. అంత ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇళ్లల్లో ఎవరికీ ఉండదు. గోడకు పెద్ద కంత కొట్టి, రేకు గొట్టం పెట్టి, పొగంతా పెరట్లోకి పోయేలా చేశాడు. స్విచ్ వేసి, పేపరు మడత విప్పి దాని దగ్గరికి తీసుకెళ్లాడు. పేపరు ఆయన చేతిలోంచి లేచిపోయి జాలీకి అతుక్కుంది. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. చప్పట్లు కొట్టి "డూ ఇట్ ఎగైన్" అంది. మళ్లీ చేశాడు. ఆయన మొహంలో అంత గర్వం నేను పెళ్లి రోజున కూడా చూడలేదు.

డబ్బాలు తీసుకెళ్లడానికి వచ్చిన హైదరాబాద్ ఇంజనీరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది ఆంటీ ఇది, విమానం ఇంజన్ పెట్టిన్రా?"

"మీ అంకుల్ పెట్టాడు."

"జర దూరం ఉండి వండుండ్రి ఆంటీ. మీరు గూడ గుంజుకపోతరు. మాకు డిన్నర్ ఎవరు పెట్టాలె?"

చేపలు వేయించినా హాల్లో ఆనవాలు ఉండేది కాదు. కొత్త సంవత్సరం వచ్చి కంప్యూటర్లు ఏమీ చెడిపోకపోయినా, జూలై నుంచి ఏదో కొత్త పన్ను రాబోతోందని, దాని కోసం మళ్లీ ప్రోగ్రాములు మార్చాలని మా వాళ్లకు పని తగ్గలేదు. నా పొయ్యీ ఆరలేదు.

మే నెలలో చలి పడింది. తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు. హీటర్ తలుపు తీసి, మీట తిప్పి, నొక్కి పట్టుకుంటే లోపల మంట అంటుకుంది. పసుపు పచ్చని మంట, దీపంలా అందంగా ఉండేది. మా అమ్మాయి బడి నుంచి రాగానే బ్యాగు పారేసి, దాని ముందు కార్పెట్ మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకునేది.

కానీ హీటర్ ఎంత మండినా ఇంట్లో చలి గీతలు తిరుగుతూనే ఉండేవి. చూస్తే ప్రతి గదిలోనూ గోడ పైన, కప్పుకు కాస్త కింద, జల్లెడ కంతల్లాంటివి ఉన్నాయి. పాత ఇళ్లన్నిటికీ అట్లాగే ఉంటాయట. వాటిలోంచి బయటి గాలి సన్నగా దిగుతోంది.

"ఎవడు కట్టాడోగానీ ఇంటికి బొక్కలు పెట్టి కట్టాడు." అన్నాడు నా భర్త. ఆ శనివారం ఫ్యాక్టరీ నుంచి మిగులు దూది సంచి నిండా తెచ్చాడు. కార్పెట్ మీద దుప్పటి పరిచి, కూర్చుని, ఉండలు కట్టిన దూదిని వేళ్లతో విడదీశాడు. విల్లు లేదు. అయినా వాళ్ల నాన్న పక్కన కూర్చుని నేర్చిన చెయ్యి. దూది పొంగి మోకాళ్ల దాకా వచ్చింది. దాన్ని పొరలు పొరలుగా మడిచి, నిచ్చెన ఎక్కి, ప్రతి కంతలోకీ సన్నటి చెక్కతో కూరాడు. ఎక్కడా ఉబ్బు లేదు, ఎక్కడా సందు లేదు. తలుపుల కింద దూది నింపిన గుడ్డ గొట్టాలు పెట్టాడు. కిటికీ రెక్కల అంచుల్లో కూడా కుదించాడు. నేను కింద నుంచి అందించాను.

"ఇప్పుడు చూడు, ఇల్లు పరుపులో పెట్టినట్టుంటది." అన్నాడు దిగుతూ.

నిజంగానే ఉంది. ఆ సాయంత్రం మేం స్వెట్టర్లు విప్పేశాం.

తలనొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో కచ్చితంగా చెప్పలేను. ముందు నాకే. వంట సగంలో ఉండగా కణతల దగ్గర పట్టేసినట్టు అయ్యేది. ఉల్లిపాయల ఘాటు అనుకున్నాను. తర్వాత చలి అనుకున్నాను. ఒక రోజు డబ్బాలకు మూతలు పెడుతుంటే కాళ్లలో సత్తువ పోయి, పప్పు గిన్నె జారి నేల పాలైంది. ఆ రోజు ఆ ఇంజనీర్లకు పప్పు లేదు.

ఆ తర్వాత పాపకు వచ్చింది. బడి నుంచి ఎగురుకుంటూ వచ్చేది. గంటకో గంటన్నరకో హీటర్ ముందు నిద్రపోయేది. అన్నానికి లేపితే విసుక్కునేది, లేచి వాంతి చేసుకునేది. తెల్లారి బడికి వెళ్తే మళ్లీ మామూలే. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పిల్లలందరికీ వైరస్ తిరుగుతోందని చెప్పి, నీళ్లు తాగించమన్నాడు. బడిలో టీచరు, మీ అమ్మాయి ఇక్కడ బాగానే ఉంటోంది అంది.

"బడిలో బాగుంటది, ఇంటికొస్తే జబ్బు చేస్తదా?" నా భర్తకు కోపం వచ్చింది. "రీడింగ్ ఎగ్గొట్టడానికి ఏషాలు."

"ఏషాలేస్తే వాంతులవుతాయా బావా?"

"తిండి మార్చు. అంత కారం పెట్టకు."

"డబ్బాల కూర వేరు, దీని కూర వేరు. కారం ఎక్కడిది?"

ఆయనకూ తల పట్టేస్తోందని నాకు తెలుసు. సెలవు రోజున ఇంట్లో ఉంటే సాయంత్రానికి నుదురు రుద్దుకుంటూ కూర్చునేవాడు. పైకి మాత్రం అనేవాడు కాదు. అంటే ఏమవుతుందో ఇద్దరికీ భయం. ఇల్లు అచ్చిరాలేదన్న మాట మా ఇద్దరి నోళ్ల దాకా వచ్చి ఆగిపోతోంది. ఆ మాట ఒకసారి బయటపడితే మళ్లీ అద్దె ఇల్లు, మళ్లీ ముక్కు ఎగబీల్చే ఏజెంటు. నా వంట పోతుంది. వంట పోతే ఇంటి వాయిదా కట్టలేం. అట్లాగని పిల్ల రోజురోజుకూ వాడిపోతుంటే ఎన్నాళ్లు చూస్తాం? పిల్ల కళ్ల కింద నల్లటి గీతలు వచ్చాయి. బడి లేని శనివారాలు మరీ అన్యాయంగా ఉండేవి. ఆదివారం నేను డబ్బాలు కట్టను. ముగ్గురం బయట తిరిగేవాళ్లం, పిల్ల కుశాలుగా ఉండేది. అది కూడా నా మనసులో మరోలా అర్థమైంది. ఇల్లు దాటితే బాగుంటోంది, ఇంట్లోకొస్తే పడిపోతోంది. అంటే ఇంట్లోనే ఏదో ఉంది.

నాకు దిష్టి మీదికి పోయింది. ఇల్లు చూడ్డానికి డాండినాంగ్ నుంచి తెలిసిన ఆడవాళ్లు వచ్చినప్పుడు, ఒకావిడ వంటింట్లో నిలబడి "అబ్బో, ఎంత వంటిల్లో!" అని ఊరుకుంది. మెచ్చుకున్నాక దిష్టి తగలకుండా అనాల్సిన మాషా అల్లా అనలేదు. ఆ సంగతి నాకు ముల్లులా గుచ్చుకుని ఉంది.

మా ఇళ్లల్లో గురువారం సాయంత్రం సాంబ్రాణి వేస్తారు. మా అత్త మట్టి మూకుట్లో నిప్పులు వేసి, ఫాతిహా చదివి, పొగ మూలమూలకూ తిప్పేది. కొత్త ఇంట్లో నేను ఆ పని చేయలేదు. పొగ కనిపిస్తే మంటల అలారం మోగుతుందని నా భర్త వద్దన్నాడు. ఆ గురువారం నేను ఆయన మాట వినలేదు. ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. అలారం కింద బల్ల వేసుకుని, దాని నోటికి గుడ్డ కట్టాను. పెరట్లో మాంసం కాల్చుకోవడానికి వాడే బొగ్గు రెండు ముక్కలు పొయ్యి మీద ఎర్రగా కాల్చి స్టీలు గిన్నెలో వేశాను. పక్క పొయ్యి మీద కోడి వేపుడు. పైన ఫ్యాన్ హోరున తిరుగుతోంది.

పాప ఎప్పటిలాగే హీటర్ ముందు నిద్రపోయి ఉంది. పెన్సిలు చేతిలోనే ఉంది.

సాంబ్రాణి పొడి చల్లి, బిస్మిల్లా అనుకుని, పడకగదుల నుంచి మొదలుపెట్టాను. పొగ నిలువుగా లేవాలి. లేవడం లేదు. గిన్నె అంచు దాటగానే వంగిపోయి, నా మోచేతి మీదుగా వెనక్కి, వంటింటి వైపు పరిగెడుతోంది. ఫ్యాన్ లాగుతోందిలే అనుకున్నాను. హాల్లోకి వచ్చి, దిష్టి ముందు పిల్లకే తీయాలని హీటర్ దగ్గర వంగి, దాని నెత్తిన పొగగొట్టం మొదట్లో ఉన్న రేకు నోటి దగ్గర గిన్నె పట్టుకున్నాను.

పొగ నా మొహం మీదికి కొట్టింది.

గిన్నె జరిపి మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ అంతే. పెట్టె లోపల ఎవరో కూర్చుని నా పొగను బయటికి ఊదుతున్నట్టుంది. చెయ్యి అడ్డం పెడితే వేడి గాలి తగిలింది. పైకి పోవాల్సిన పొగగొట్టంలోంచి కిందికి వస్తోంది. మా అమ్మ పొయ్యి నాకు కళ్ల ముందు మెదిలింది. గాలి ఎదురు తిరిగిన రోజున ఆ పొయ్యి మీది గొట్టం పొగను మింగకుండా కక్కేది. కళ్లు మండి, దగ్గుతూ అందరం వీధిలోకి పరిగెత్తేవాళ్లం. ఇక్కడ కళ్లు మండటం లేదు. వాసన లేదు. ఏమీ లేదు. కానీ గొట్టం కక్కుతోంది. దాని నోటి ముందు నా పిల్ల పడుకుని ఉంది.

"లేమ్మా" అన్నాను. లేవలేదు. భుజం పట్టి కుదిపాను. తల ఇటు నుంచి అటు ఒరిగింది. చెంపలు ఎర్రగా, ఆటలాడి వచ్చినట్టు ఉన్నాయి. కళ్ల రెప్పలు తెరిస్తే గుడ్లు పైకి తిరిగి ఉన్నాయి. నా కాళ్లు నాకు పట్టు ఇవ్వడం లేదు. ఎత్తుకోలేకపోయాను. చంకల కింద చేతులు వేసి, కార్పెట్ మీద ఈడ్చుకుంటూ వెనక తలుపు దాకా వెళ్లాను. తలుపు కింద నా భర్త పెట్టిన దూది గొట్టం అడ్డం పడింది. దాన్ని కాలితో తన్ని, తలుపు తీసి, పిల్లను నిమ్మచెట్టు కింద గడ్డి మీద పడుకోబెట్టాను. తిరిగి లోపలికి పరిగెత్తి బొంత తెచ్చి కప్పాను. పొయ్యి ఆర్పాలని ఒక్కసారి కూడా తోచలేదు. మొహం మీద నీళ్లు చల్లాను, అరికాళ్లు రుద్దాను, పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను.

ఆయన కారు వచ్చిన చప్పుడు వినిపించింది. ఇంట్లోంచి నడిచి వచ్చాడు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది, వేపుడు మాడుతోంది, హాల్లో సాంబ్రాణి గిన్నె, చలిలో గడ్డి మీద పిల్ల.

"ఏం చేస్తన్నావే? పిల్లని చంపుతావా? లోపలికి తీసుకురా."

"లోపలికి వద్దు."

"చలికి ఒణుకుతంది చూడు."

"ఒణకనియ్. ఒణుకుతుంటే బతికున్నట్టే. ఆ పెట్టె విషం కక్కుతంది బావా."

"ఏం పెట్టె? ఏం విషం? సాంబ్రాణి పొగ పట్టించి పైగా..." అంటూ పిల్లను ఎత్తుకోవడానికి వంగాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. పెళ్లయ్యాక అట్లా ఆపడం అదే మొదలు. ఇద్దరం ఆ గడ్డి మీద పిల్లకు చెరో పక్క చేతులు వేసి పెనుగులాడాం.

అప్పుడు పిల్ల కదిలింది. పక్కకు తిరిగి వాంతి చేసుకుని, కళ్లు తెరవకుండానే "మై హెడ్ హర్ట్స్" అంది.

"నువ్వు దీని దగ్గర కూర్చో" అన్నాను. "కాదంటే నువ్వే పోయి ఆ గిన్నె హీటర్ దగ్గర పట్టుకుని చూడు. ఫ్యాన్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి."

నన్ను నమ్మి వెళ్లాడని అనుకోను. నేను తప్పని చూపించడానికి వెళ్లాడు. కిటికీ అద్దంలోంచి నాకు కనిపిస్తున్నాడు. వెనక తలుపు లాగి మూసి వంటింట్లోకి వెళ్లాడు, ఫ్యాన్ హోరు ఆగింది. గిన్నె పట్టుకున్నాడు. పొగ ఒక క్షణం తటపటాయించి, మెల్లగా లేచి, హీటర్ నెత్తి మీది నోట్లోకి దూరిపోయింది. మళ్లీ ఫ్యాన్ వేసి వచ్చాడు. పొగ ఆయన చొక్కా మీదికి వచ్చింది. గిన్నె కింద పెట్టేశాడు. గోడ పైన దూది కూరిన కంత వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. తర్వాత హీటర్ మీట తిప్పి, పొయ్యి ఆర్పి, బయటికి వచ్చి పిల్లను బొంతతో సహా ఎత్తుకుని కారు వైపు నడిచాడు.

ఆస్పత్రిలో పిల్ల మొహానికి గాలి గొట్టం తొడిగారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో గ్యాస్ హీటర్ ఉందా అని. నా భర్త తల ఊపాడు. ఆవిడ మా ఇద్దరి నెత్తురూ తీయించింది. మాకూ చెరొక గాలి గొట్టం తొడిగారు. ముగ్గురం మూడు మంచాల మీద. ఆయన నా వైపు చూడలేదు, కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. పిల్ల నిద్రపోయిన ప్రతిసారీ నేను లేచి కూర్చుని, నర్సు చూడకుండా దాని అరికాలు గిల్లేదాన్ని. "స్టాప్ ఇట్, అమ్మా" అనేదాకా గిల్లేదాన్ని.

మర్నాడు గ్యాస్ ప్లంబర్ వచ్చాడు. భారీ మనిషి, చలిలో కూడా నిక్కరు. ఫ్యాన్ వేయమన్నాడు. జేబులోంచి పుల్లలాంటిది తీసి ముట్టించాడు. దాని కొసన సన్నటి తెల్ల పొగ. దాన్ని హీటర్ నోటి దగ్గర పట్టాడు. అచ్చం నిన్నటిలాగే వంగి బయటికి వచ్చింది. గిన్నెలో బొగ్గులు చూసి, ఇంట్లో ఇది కూడా కాల్చారా అని తల పట్టుకున్నాడు. హీటర్ విప్పి, లోపల మసి వేలితో తీసి చూపించాడు. మంట నీలంగా ఉండాలట. పసుపుగా ఉంటే సరిగ్గా మండటం లేదని, రంగూ వాసనా లేని విషగాలి పుడుతోందని అర్థమట. ఎన్నేళ్లుగానో దాన్ని ఎవరూ శుభ్రం చేయలేదు.

"మరి ఆ పెద్దావిడకు ఏం కాలేదేం?" అని నా భర్తతో అడిగించాను.

ప్లంబర్ గోడ పైకి చూపించి చెప్పింది నా భర్త నాకు తెలుగులో చెప్పాడు. "ఆమె ఉన్నప్పుడు ఇల్లంతా కంతలేనంట. లోపలికి గాలి వచ్చేదంట. అందుకే బతికిందంట. ఇప్పుడు ఫ్యాన్ గాలిని బయటికి లాగుతంది. కంతల్లోంచి వచ్చే దారి లేదు. ఇంకెక్కడి నుంచి వస్తది, ఆ గొట్టంలోంచే."

ఆ తెల్లవాడు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. దూదిలోకి వేలు పెట్టబోతే దిగలేదు. స్క్రూడ్రైవర్‌తో అంచు లేపి లాగాడు. పొరలు తెగకుండా, మేకపిల్ల చర్మం వలిచినట్టు ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి చూశాడు.

"ఎవరు చేశారు మేట్? ఇంత మంచి పని నేనెప్పుడూ చూడలేదు." అన్నాడు.

అందులో ఎగతాళి లేదు. నా భర్త నిచ్చెన పట్టుకుని కింద నిలబడి ఉన్నాడు. "నేనే" అన్నాడు. అని రెండో చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

ప్లంబర్ హీటర్‌కు గ్యాస్ కోసేసి, మళ్లీ వెలిగించకూడదని కాగితం అంటించాడు. ఇలాంటి హీటర్, ఇంత ఫ్యాన్ ఒక కప్పు కింద కుదరవన్నాడు. ఏదో ఒకటి తీసేయాలి. లేదంటే గాలిని బయటి నుంచే తీసుకునే కొత్తరకం హీటర్ పెట్టించుకోవాలి. అది ఆ ఏడాది మా వల్ల కాదు.

ఆయన వెళ్లాక నా భర్త సంచి తెచ్చి, ప్రతి గదిలోనూ నిచ్చెన వేసుకుని దూది మొత్తం తీసేశాడు. తలుపుల కింది గొట్టాలు కూడా కోసేశాడు. అంతా చెత్తబండిలో పడేశాడు. మంచి దూది. మా ఇళ్లల్లో అట్లా దూది పారేయడం నేను చూడలేదు.

తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకుని నా పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"ఏం చేస్తన్నావు?"

"ఫ్యాన్ ఊడదీస్తన్నా."

"ఎందుకు?"

"పిల్ల చలికి ఉండలేదు. హీటర్ బాగు చేయిద్దాం. వంటలు మానెయ్. నేను ఓవర్‌టైం చేస్తా." ఆగి, మళ్లీ అన్నాడు. "లేదంటే ఇల్లే అమ్మేద్దాం. అచ్చిరాలేదు మనకి."

ఇన్నాళ్లూ నోటి దాకా వచ్చి ఆగిన మాట అది. నేను ఆ మాట విని భయపడతాననుకున్నాను. భయం వేయలేదు. అదంతా నిన్న గడ్డి మీదే అయిపోయినట్టుంది.

"ఇల్లేం చేసింది బావా? దాని ముక్కు నోరు మనం మూశాం. అది మన మీద ఊపిరొదిలింది." అన్నాను. "ఫ్యాన్ ఉండనియ్. హీటరే పోనియ్. చలికి దుప్పట్లున్నాయి."

"పిల్లకు చాలతాయా?"

"చాలకపోతే అరుస్తది. అరవనియ్."

పడకగదికి కరెంటుతో నడిచే నూనె హీటర్ ఒకటి కొన్నాం. ముగ్గురం ఆ గదిలోనే పడుకున్నాం. సోమవారం నుంచి మళ్లీ డబ్బాలు కట్టాను. వంట మొదలుపెట్టే ముందు వంటింటి కిటికీ రెండు వేళ్ల మందం తీసి, మూసుకోకుండా సందులో చెక్క అడ్డం పెట్టేదాన్ని. ఆ సందులోంచి చలిగాలి నా మోకాళ్ల మీదుగా లోపలికి వచ్చేది. ఇంజనీర్లు కోట్లు విప్పకుండానే డబ్బాలు తీసుకుని పోయేవాళ్లు. "ఏంది ఆంటీ, ఇంట్ల ఫ్రిజ్ డోర్ తీసిపెట్టిన్రా?" అని హైదరాబాద్ అతను అడిగితే, "అంకుల్‌ని అడుగు" అన్నాను. అంకుల్ రోజూ డ్యూటీ నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా, కుర్చీ ఎక్కి ఒక్కో కంత దగ్గరా అరచెయ్యి పెట్టి చూసుకునేవాడు. చల్లగా తగిలితే దిగి పక్క గదికి వెళ్లేవాడు.

మా అమ్మాయి ఆ చలికాలం అంతా రెండు స్వెట్టర్లు, ఒక టోపీ, వాళ్ల నాన్న సాక్సులు వేసుకుని వంటింటి బల్ల దగ్గరే కూర్చుని హోమ్‌వర్క్ చేసింది. ముక్కు ఎర్రగా ఉండేది. "ఇట్స్ ఫ్రీజింగ్, అమ్మా. కెన్ యు షట్ ద విండో?" అని గొణిగేది. కాసేపు ఊరుకుని మళ్లీ గొణిగేది.

నేను పొయ్యి వైపు తిరిగి ఉల్లిపాయలు వేయిస్తూ, ఆ గొణుగుడు ఎక్కడ ఆగుతుందోనని చెవి అటే పెట్టి ఉంచేదాన్ని. అది ఆగేది కాదు.